చిమ్నీలో పచ్చి సిమెంటు

దయ్యాలంటే నాకు నవ్వు. శ్మశానం పక్క గుడిసెలో పెరిగినవాణ్ణి, దేనికీ జడిసింది లేదు. అయినా ఖతార్‌లో జరిగిన ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చమురు డబ్బుతో అక్కడ ఎటు చూసినా క్రేన్లు లేచిన రోజులవి. ఇప్పుడు పెద్ద నగరమైన లుసైల్ అప్పటికి ఇంకా ఉత్త ఇసుకే. నేను ఏసీ డక్టులకు రేకు కోసేవాణ్ణి. మిషనులో పడి నా ఎడమచేతి నడిమి వేలు సగం తెగిపోయింది. తమ్ముడి పిల్లలతో కలిపి ఇంట్లో ఏడుగురు నా డ్యూటీ మీదే బతికేవారు.

ఫోర్‌మన్ నర్సయ్యది జగిత్యాల దగ్గర మా పక్క ఊరే. మనవాడే కదా అని సంబరపడితే నెత్తికెక్కి కూర్చున్నాడు. తమ్ముడు పోయాడని సెలవడిగితే, "నువ్వు పోతే వాడు లేస్తడారా?" అన్నాడు.

ఆ చలికాలం ఒక అరబ్బు పాత ఇల్లు కొన్నాడు. ఎప్పుడో తెల్లదొరలు కట్టించుకున్నది, గోడలో ఇటుక చిమ్నీ ఉంది. దానికి కట్టెల పొయ్యి బిగించమన్నాడు. చిమ్నీ లోపల పైదాకా గొట్టం వెయ్యాలన్నాను నేను.

"మాఫీ! అదేం లేదు. గోడ బొక్కల పెట్టి బిగియ్యి, యల్లా, జల్ది!" అని కసిరాడు నర్సయ్య.

ఈ పొగ వీడి గొంతులోకే పోవాలని మనసులో అనుకున్నాను.

బొక్కలో అద్దం పెట్టి పైకి చూశాను. చిమ్నీ చివర ఆకాశం నీలంగా కనబడింది. నర్సయ్య కూడా వంగి చూశాడు. అరగంటలో గొట్టం బిగించి, సందులు మట్టితో మూశాను. అంతసేపూ నేను గది దాటలేదు, మిద్దె ఎవరూ ఎక్కలేదు.

కట్టెలు అంటించి చేతులు కడుక్కోవడానికి బయటికి వచ్చాను. నర్సయ్య ఒక్కడే తలుపేసుకుని చలి కాచుకుంటున్నాడు. కాసేపటికి తలుపు సందుల్లోంచి పొగ రావడంతో తోటి పనివాళ్ళూ నేనూ పగలగొట్టి చూశాం. నేల మీద పడి ఉన్నాడు. బయటికి ఈడ్చాక దగ్గి దగ్గి బతికాడు.

చిమ్నీ ఇటుకలు ఊడదీశారు. నా తలకన్నా చాలా పైన అడ్డంగా సిమెంటు ముద్ద, ఇంకా పచ్చిగానే ఉంది. అడుగు వైపు వేళ్ళతో నొక్కిన గుర్తులు. బొక్కలోంచి చెయ్యి ఎంత చాపినా అందులో సగం దూరం కూడా అందదు. అసలు ఆ రోజు మేము సిమెంటే తేలేదు.

"చెయ్యి పెట్టురా" అన్నాడు నర్సయ్య.

అందరి ముందూ నిచ్చెనెక్కి ఆ గుర్తుల మీద ఎడమచెయ్యి పెట్టాను. సగం వేలితో సహా అతికినట్టు సరిపోయింది.

"అన్నా, అద్దంల ఆకాశం నువ్వు గూడ సూస్తివి గదా!" అన్నాను.

"నేనేం సూడలే. నన్ను సంపజూసినవ్."

వారం తిరక్కుండానే వీసా రద్దు చేసి పంపించేశారు. ఆ సిమెంటు నేను పెట్టలేదు. ఎలా వచ్చిందో ఇన్నేళ్ళయినా అర్థం కాలేదు. ఒక్క మాట మాత్రం మా ఆవిడకు కూడా చెప్పలేదు. నర్సయ్యకు ఊపిరి ఆడగానే అందరూ దేవుడికి దండం పెట్టుకున్నారు. నాకు మాత్రం కోపం వచ్చింది.