గొంగడి మీద ఒట్టు

మొన్న తాండూరు బజారులో వాన పట్టుకుంటే ఒక కొట్టు చూరు కింద నిలబడ్డాను. పక్కనున్న ముసలాయన తడిసిన గొంగడి విప్పి విదిలించాడు. ఆ ఉన్ని వాసన తగిలితే ఇంకొకరికైతే బాల్యం మీద మమకారం పొంగేదేమో. నాకు మాత్రం అనుమానం కలిగింది. ఎవరు ఎవరికి ఏం మాటిస్తున్నారో, అందులో ఏం తిరకాసు ఉందో అని చుట్టూ చూశాను. నవ్వుకుంటే నవ్వుకోండి. మా ఇంట్లో పెరిగినవాళ్లకు ఆ వాసన అలాగే తగులుతుంది.

మాది వికారాబాదుకూ తాండూరుకూ నడుమ ఒక చిన్న పల్లె. అందరివీ గొర్రెల మందల మీద, కందిచేల మీద బతికే ఇళ్లే. అప్పట్లో మా చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిపి ఒక నియోజకవర్గం ఉండేది. హద్దులు మార్చినప్పుడు, అన్నదమ్ములు చేను పంచుకున్నట్టు దాన్ని పంచేశారు. వాగుకు ఇవతలి ఊళ్లు తాండూరులో, అవతలివి వికారాబాదులో కలిశాయి. దాని చరిత్ర ఎవరైనా రాస్తే ఫలానా ఏడు గొడుగు గుర్తాయన గెలిచాడు, ఫలానా ఏడు నిచ్చెన గుర్తాయన గెలిచాడు అని రాస్తారు. మా అమ్మకు ఏం జరిగిందో అందులో ఉండదు. ఉంటుందన్న నమ్మకం నాకు లేదు గనుకే ఇది చెబుతున్నాను.

నాకు బాగా గుర్తున్న ఎలక్షన్ సీతాఫలాల కాలంలో వచ్చింది. అనంతగిరి వైపు నుంచి గంపలకొద్దీ కాయలు దిగేవి. మేం పిల్లలం పచ్చికాయలు తెచ్చి జొన్నచొప్పలో మాగబెట్టి, పండాయో లేదో అని గంటకోసారి వేలితో నొక్కి చూసి సగం పాడు చేసేవాళ్లం. తాండూరు దారిలో నాపరాళ్ల లారీలు లేపిన తెల్లదుమ్ములోంచి మైకులు కట్టిన జీపులు వచ్చేవి. అవి విసిరే గుర్తు కాగితాల కోసం పరుగెత్తి, దొరికినవి జొన్న గట్క మెతుకులతో గోడకు అంటించుకునేవాళ్లం. మోదుగాకులే బ్యాలెట్లుగా, గొర్రెలకు గుర్తు పెట్టే ఎర్రజాజులో సీసా మూత ముంచి ముద్రలు గుద్దుతూ, ఎలక్షన్ ఆట ఆడేవాళ్లం. పెద్దలు ఆడేది కూడా అలాంటి ఆటేనని, అందులో తొండి ఉంటుందని మాకు తెలియదు.

పల్లెకు పెద్ద మా తాత. ఎలక్షన్ వచ్చిందంటే ఆయన మా ఇంటి ముందు గొంగడి పరిపించేవాడు. ఓటు హక్కున్న ఆడా మగా అందరూ వరుసగా వచ్చి, వంగి, గొంగడి ముట్టి ఫలానా గుర్తుకు వేస్తానని చెప్పాలి. గొంగడి ముట్టి అబద్ధమాడితే మందకు రోగం వస్తుందని మా వాళ్ల నమ్మకం. ఆ ఏడు గొడుగాయనకు తాత మాటిచ్చాడు. "మా పల్లెల ఒక్క ఓటు బయటికి వోదు, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు. అందరూ గొంగడి ముట్టారు. ఆ వారంలోనే నాయినమ్మ తమ్ముడు పెద్దేముల్ నుంచి వచ్చాడు. ఆయన నిచ్చెన గుర్తు తరఫున తిరుగుతున్నాడని అందరికీ తెలుసు. అక్కను చూసిపోదామని వచ్చానన్నాడు, జొన్నరొట్టె, తలకాయ కూర తిన్నాడు, పొద్దు గూకకముందే పోయాడు. ఆయన్ని ఎవరూ అనుమానించలేదు, ఎందుకంటే అందరి చూపూ మా అమ్మ మీదే ఉంది. అమ్మ పుట్టిల్లు యాలాల్ దగ్గర. ఆ ఊరు ఊరంతా నిచ్చెనే.

మా బడిలో పెట్టిన డబ్బాలో మా పల్లె ఓట్లే పడతాయి. ఆ రోజు మంచం మీదున్న వాళ్లను కూడా ఎత్తుకొచ్చి ఓటు వేయించారు. లెక్కింపు అయ్యాక గొడుగాయన మనిషి వచ్చి, మెల్లగా తాత చెవిలో చెప్పాడు: "అన్నీ మనవే గని, ఒక్కటి మనకు రాలె." గొడుగాయన గెలిచాడు కూడా. యాట కోశారు, డప్పులు కొట్టారు. తాత మాత్రం ఆ కూర నోట పెట్టలేదు. ఆయనకు గెలుపు లెక్క కాదు, మాట పోయింది.

మర్నాడు మళ్లీ గొంగడి పరిచారు. ఒక్కొక్కరే ముట్టి "ఏసిన" అన్నారు. నాయినమ్మ కూడా ముట్టి, తడుముకోకుండా "ఏసిన" అంది. అమ్మ వంతు వచ్చింది.

"మామా, నేను గొడుగుకే గుద్దిన" అంది.

"అందరు ఏసినమనే అంటుండ్రు. మరి గా ఒక్కటి యాడికి వాయె? నీ మాట మీద నాకు ఇత్బార్ లేదు పిల్లా" అన్నాడు తాత.

నాయినమ్మ ఒక్కతే అడ్డుపడింది. "నా కోడలు అబద్ధమాడది" అంది. అత్త మంచితనం అనుకున్నారు అంతా. నాయిన తల వంచుకుని గొర్రెల వైపు వెళ్లిపోయాడు. ఆ వెళ్లిపోవడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

ఎవరూ అమ్మను కొట్టలేదు, తిట్టలేదు. అంతకంటే పెద్ద శిక్షే వేశారు. అమ్మ లోపలికి వస్తే మాటలు ఆగిపోయేవి. ఏ పొట్టేలును అమ్ముతున్నారో, ఏ ఊరి సంబంధం చూస్తున్నారో అమ్మ ముందు చెప్పేవారు కాదు. పెత్రమాస నాడు పెద్దలకు పెట్టే బువ్వ అమ్మ చేత వండించలేదు. ఇల్లంతా పచ్చిపులుసు వాసన, నువ్వుల వాసన నిండిపోతే అమ్మ పెరట్లో కూర్చుని చెరగాల్సిన అవసరం లేని కందులు చెరిగింది. పుట్టింటికి పోతానంటే "ఆడ ఎవలకు ఏం జెప్పొస్తదో" అన్నారు. మోదుగాకుల ఆటలో నాకు సీసా మూత ఇవ్వడం మానేశారు పిల్లలు. కొన్నాళ్లకు అమ్మ కూడా అందరినీ అదే చూపు చూడటం మొదలుపెట్టింది. ఇంట్లో ఒకరికి గజ్జి పడితే అందరికీ అంటినట్టు, అనుమానం నాకూ అంటింది. ఒకసారి పడుకున్న అమ్మ ముఖంలోకి చూసి, నిజంగానే నిచ్చెనకు వేసిందా అని నేనూ అనుకున్నాను.

ఆ తర్వాతి ఎలక్షన్లలో డబ్బాలన్నీ కలిపి లెక్కపెట్టేవారు. ఏ పల్లెలో ఏం తగ్గిందో తెలిసే దారి పోయింది. అమ్మ మీది మాట అలాగే ఉండిపోయింది. తాత పోయాడు. చివరి రోజుల్లో కూడా అమ్మ నీళ్లిస్తే తాగాడు గానీ మనసులో మాట చెప్పలేదు.

తర్వాత ఓటు మిషన్లు వచ్చాయి. మొదటిసారి మా బడిలో పెట్టిన రోజు, నాయినమ్మ ముందు, అమ్మ వెనక, నేను అమ్మ వెనక వరుసలో ఉన్నాం. లోపలికి పోయిన నాయినమ్మ ఎంతకీ రాలేదు. అట్ట చాటు నుంచి ఆమె గొంతు బయటి వరుసకంతా వినిపించింది.

"ఓ సారూ, గీ డబ్బ ఖరాబున్నది. ఒక్కటే తీస్కుంటున్నది. రెండోది ఒత్తితె లైటు ఎలుగుతలేదు."

"ఒక్కటే ఒత్తాలె అవ్వా. రెండు ఏస్తే చెల్లది" అన్నాడు లోపలి ఉద్యోగి.

"ఎందుకు చెల్లదు? ఇంతకు ముందు కాయితం మీద రెండు గుద్దిన గద!"

నాయినమ్మ గొణుక్కుంటూ బయటికి రాగానే అమ్మ అడిగింది: "అత్తమ్మా, గా గొడుగు ఎలక్షన్ల గూడ రెండు గుద్దినవా?"

"గుద్దకుంటె ఎట్ల? నా తమ్ముడు చేతుల చెయ్యి ఏయించుకోని పోయె. ఇటు మీ మామకు గొంగడి ముట్టి చెప్తి. ఒక్కటి గుద్దితె ఒక్కలకు అబద్ధమాడినట్టు గాదా? ఇద్దరి మాట నిలవెట్టిన" అంది నాయినమ్మ, ఆ రోజు గొంగడి మీద పలికినంత నిబ్బరంగా.

రెండు ముద్రలు పడ్డ కాగితాన్ని లెక్కలోంచి పక్కకు తీసేస్తారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. అలా పక్కకు తీసినవి ఏమైనా ఉన్నాయా అని తాతా అడగలేదు, ఆ గొడుగాయన మనిషీ చెప్పలేదు. అతనికి తెలిసే దాచాడేమోనని నాకు ఈ రోజుకీ అనుమానమే. నాకు ఒళ్లు మండిపోయింది. నాయినమ్మను నిలదీయబోతే అమ్మ నా రెక్క పట్టి ఆపింది. ఆ పూట అత్తకు రొట్టె కాల్చి పెట్టింది, ఎప్పటిలాగే. పాత సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు నాయినమ్మ లేదు. ఆ నియోజకవర్గం లేదు. ఆ పేరు చెబితే మా మేనల్లుళ్లు అదెక్కడ అంటారు. ఆ రోజు గొంగడి చుట్టూ కూర్చుని అమ్మ వైపు చూసిన పెద్దల్లో మిగిలిన ఒకరిద్దరు వాగు అవతల కొడుకుల దగ్గరుండి వికారాబాదు వైపు ఓటేస్తున్నారు. ఎలక్షన్ ఆట ఆడే పిల్లలూ కనబడరు.

పోయిన ఎలక్షన్‌కు అమ్మను ఓటుకు తీసుకెళ్లాను. మిషన్ పక్కన ఇప్పుడు ఇంకో పెట్టె పెడుతున్నారు. ఎవరికి వేశామో అద్దంలో చీటీ కాసేపు కనిపించి లోపల పడిపోతుంది. అమ్మ బయటికి వచ్చాక, ముసలి కళ్లకు ఆనిందో లేదోనని అడిగాను.

"చీటీ మంచిగ కనవడ్డదా అమ్మా?"

"కనవడ్డది" అంది అమ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "నాకు జూపిస్తె ఏమొస్తది బిడ్డా? నేను ఎవలకు ఏసిన్నో నాకు అప్పుడు గూడ ఎర్కనే. మీ తాతకు జూపియ్యాలె గద."