ఎన్నింటికండీ ఆట?

మా ఆవిడ నన్ను అనుమానాల పుట్ట అంటుంది. అబద్ధం కాదు. పాలు పల్చగా ఉంటే నీళ్లు కలిపారని అనుమానం, చిక్కగా ఉంటే పిండి కలిపారేమోనని ఇంకా పెద్ద అనుమానం. తొంభైల చివర్లో రాజమండ్రి కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. సాయంత్రాలు ధవళేశ్వరంలో కాలవగట్టు పక్క క్లబ్బులో టెన్నిస్ ఆడేవాణ్ణి. ఆరేళ్లు ఆడినా ఒక్క కప్పూ కొట్టలేదు. ఆ ఏడు, శివరాత్రి వెళ్లిన వారంలో, మొదటిసారి ఫైనల్‌కి వచ్చాను. అవతల ఇరిగేషన్ ఇంజనీరు గారు.

ఆటకి రెండ్రోజుల ముందు బ్యాట్‌కి కొత్త తీగలు వేయించడానికి రాజమండ్రి బజారు సందులోకి వెళ్లాను. అక్కడ గట్టింగ్ చేసే పెద్దాయన ఒకడుండేవాడు. షటిల్ బ్యాటైనా టెన్నిస్ బ్యాటైనా తీగలు తన చేత్తోనే అల్లేవాడు. గోడమేకుకి ఇంజనీరు గారి బ్యాట్ వేలాడుతోంది. అది చూడగానే నా అనుమానాల పుట్ట కదిలింది.

"ఎన్నింటికండీ ఆట?" అన్నాడు పెద్దాయన, నా బ్యాట్ తిప్పి చూస్తూ.

తీగలు వేసేవాడికి ఆట టైముతో ఏం పని? సరిగ్గా ఆ వేళకే తెగేలా కడతాడేమో! ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను. ఆట మధ్యాహ్నం మూడింటికి. "పొద్దున్న ఏడింటికి" అని చెప్పాను.

"ఆయ్, అయితే మంచులో ఆటండి" అని ఓ చీటీ మీద పెన్సిలుతో ఏదో గీకి నా బ్యాట్ కవర్లో పడేశాడు.

మర్నాడు బ్యాట్ తెచ్చుకున్నాను. ఒక్కో తీగా లాగి చూశాను గానీ ఆ చీటీ సంగతే మర్చిపోయాను. ఫైనల్ రోజు పొద్దున్నే గోడకేసి కొడితే బంతి చెప్పినట్టు వింది. మూడింటికి ఎండ చుర్రుమంటుంటే కోర్టులోకి దిగాను. ఏం లాభం! మెల్లగా కొట్టినా బంతి గీత దాటి కాలవ వైపు ఎగిరిపోతోంది. ఇంజనీరు గారి బంతులు మాత్రం గీత లోపలే పడుతున్నాయి. చిత్తుగా ఓడిపోయాను.

"ఆ ముసలాయన అమ్ముడుపోయాడండీ. ఇంజనీరు గారి బ్యాట్ బిగించి నాది వదులుగా కట్టాడు!" అని క్లబ్బులో అందరి ముందూ అరిచాను. లెక్చరర్ గారి మాట కదా, నమ్మారు. క్లబ్బు బ్యాట్లు ఆ కొట్టుకి వెళ్లడం మానేశాయి. ఆయన పొట్ట గడిచేది ఆ బ్యాట్లతోనే. అది నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస" అంది. రెండ్రోజులు మాట్లాడలేదు ఆవిడతో.

మళ్లీ ఆడబుద్ధి కాక కవరు అటకెక్కిద్దామని దులిపితే చీటీ రాలింది. "పొద్దుట ఆట. మంచు. ఓ పిసరు వదులు."

ఆ వారమే క్లాసులో వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయని బోర్డు మీద రాసి వచ్చాను. చలిలో తీగ బిగుసుకుంటుంది, బంతి మొద్దుగా లేస్తుంది, అందుకని కాస్త వదులుంచాలి. ఎండకి తీగ సాగుతుంది, బంతి ఎగిరెగిరి పడుతుంది, అందుకని బిగించాలి. పెద్దాయన టైము అడిగింది అందుకే. ఛీ, ఏం చదువయ్యా నాది! మద్దెల నిజంగానే ఓడు. ఓడు చేసింది నేను.

ఆ సాయంత్రం క్లబ్బుకి వెళ్లి జరిగింది చెప్పాను. ఇంజనీరు గారు నవ్వలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది. మర్నాడు బ్యాట్ పట్టుకుని సందులోకి వెళ్లాను. గోడమేకులన్నీ ఖాళీ.

"ఆ రోజు ఆట పొద్దున్న కాదండి, మూడింటికి. మీకు అబద్ధం చెప్పాను. క్లబ్బులో మీ మీద చాడీలు చెప్పింది కూడా నేనే. నిన్న అందరికీ నిజం చెప్పేశాను. బ్యాట్లు మళ్లీ వస్తాయండి" అన్నాను.

పెద్దాయన నా బ్యాట్ అందుకున్నాడు. తీగ మీద వేలితో ఒకసారి మీటి చూశాడు. కోప్పడతాడనుకున్నాను. బ్యాట్ తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఎవరివి వచ్చినా కడతానండి మాస్టారూ, మీది మాత్రం కట్టలేను. మీరు చెప్పిన టైము నమ్మే కదండీ నేను బిగించాలి."