రబ్బరుతో తుడిచిన మెమరీ

పోయిన వానాకాలం మాట. అశోక్‌నగర్‌లో మా ఇంటి కంప్యూటర్ ఉన్నట్టుండి తెర వెలగకుండా పిట్టలాగ కీచుమనడం మొదలుపెట్టింది. చనిపోయిన మా అమ్మ గొంతు దాంట్లోనే ఉంది. బియ్యం ఏరుకుంటూ ఆమె చెప్పిన చిన్ననాటి ముచ్చట్లను నేనే రికార్డు చేశాను. ఇంకెక్కడా కాపీ లేదు.

ముసురులో ఆటో ఎక్కి, సీపీయూ డబ్బాను ఒళ్లో పెట్టుకుని చిక్కడపల్లిలో రిపేరు షాపుకు పోయాను. దారి పొడవునా షాపుల లైట్లు రోడ్డు మీది నీళ్లలో తేలుతున్నాయి. అమ్మను దవాఖానకు తీసుకుపోతున్నట్టే అనిపించింది.

షాపతను మూత తీసి చూశాడు. "ఏం లేదక్కా, జర మెమరీ తుడవాలె. ఐదు నిమిషాలు" అన్నాడు. చేతిలో చూస్తే బడిపిల్లల రబ్బరు.

అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "వద్దన్నా, తుడవకు. మా అమ్మ ఉంది అందులో" అని అందరి ముందూ ఏడ్చేశాను.

అతను నవ్వలేదు. వేలెడంత ఆకుపచ్చ పట్టీ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టాడు. "ఈ ర్యామ్‌నే మేం మెమరీ అంటం అక్కా. కరెంటు పోతే దీనికి ఏం యాదుండదు. మీ అమ్మ హార్డ్ డిస్క్‌ల పదిలంగ ఉంది. దీని పిన్నులకు మట్టి పట్టింది, గంతే."

రబ్బరుతో రుద్ది పెట్టగానే తెర వెలిగింది. ఫైలు తెరిచాను. వాన చప్పుడులో అమ్మ, "ఇది నడుస్తున్నదా బిడ్డా?" అని అడిగింది.

"నడుస్తుందమ్మా" అన్నాను, షాపులో ఉన్న సంగతే మరిచిపోయి.

ఇప్పుడా ముచ్చట్లు రెండు పెన్‌డ్రైవ్‌లలో కూడా ఉన్నాయి. అయినా హోంవర్కు చేస్తూ మా పాప రబ్బరు తీస్తే, నా చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది.