డాక్టరమ్మకి నేను చెప్పిన చాడీ

నేను చెప్పింది చెప్పినట్టు రాయమ్మా. నన్ను మంచిదాన్ని చేసి మాత్రం రాయకు.

మీ చిన్న నానమ్మ, అదే నా తోడికోడలు, ఆ ఏడాది చిక్కి సగమైపోయింది. మంచం మీంచి లేస్తే కళ్ళు తిరిగేవి. చేలో అడుగు పెట్టకపోయినా ఎండకి మాడినట్టు నల్లబడింది. విజయవాడలో ముగ్గురికి చూపించాం. ఒకాయన రక్తం తక్కువన్నాడు, ఒకాయన గ్యాసన్నాడు. మూడో ఆయన ఒంట్లో ఏమీ లేదు, అంతా మనసే అన్నాడు. ఇంకేం, ఇంట్లో అందరం దెప్పడం మొదలుపెట్టాం. అందరికంటే ముందు నేనే. అది మాత్రం, "నేను పోతానేమో అక్కా" అనేది.

అప్పుడు మన ఊరి హెల్త్ సెంటర్లో నర్సమ్మ చెప్పింది. "ఎవరికీ అంతుబట్టని జబ్బులు చూసే పెద్ద డాక్టరమ్మ ఉన్నారు పెద్దమ్మా. ఇక్కణ్ణించే వీడియోలో చూస్తారు."

అబ్బ, నా హడావిడి చూడాలి! పెళ్ళిచూపులకి కూడా అంత చెయ్యలేదు. ఆషాఢం కదా, ముందురోజే గోరింటాకు రుబ్బి దాని అరచేతుల నిండా పెట్టాను. పొద్దున్నే ముఖానికి పౌడరు కూడా రాశాను. అంత పెద్దావిడ ముందు కళగా ఉండొద్దూ?

తెర మీద డాక్టరమ్మ కనిపించగానే అన్న మొదటి మాట, "ముందు ముఖం కడుక్కుని రండమ్మా" అని. కడుక్కొచ్చింది. "అరచేతులు చూపించండి. గీతలు ఏ రంగులో ఉన్నాయో చూడాలి." ఇంకెక్కడి గీతలు! మందారాల్లా పండాయి.

"ఎవరండీ పెట్టింది?"

"ఇదిగోనండి, మా అక్కే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలిగా, దాని మీదే చాడీ ఎత్తుకున్నాను. "మీరన్నా చెప్పండి డాక్టరమ్మగారూ, ఇది రాళ్ళుప్పు బుక్కుతోంది. ఆవకాయ ఊట గరిటెతో తాగేస్తోంది. అందుకే జాడీ అటకెక్కించాను."

"ఛీ ఛీ, ఆవిడకెందుకక్కా ఇవన్నీ!"

డాక్టరమ్మ ఒక్కసారిగా ముందుకి వంగింది. "ఆగండాగండి. మళ్ళీ చెప్పండి. ఎప్పట్నించీ?"

"ఉగాది దగ్గర్నించీ అండి," అన్నాను.

ఇంక చూడు! నర్సమ్మ చేత పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూపించింది. నిలబడగానే బీపీ పడిపోయిందిట. నోరు తెరిపించి టార్చి వేయించింది. చిగుళ్ళ మీద నల్లటి మచ్చలు.

"నేరేడుపళ్ళు తిన్నావుటే?" అన్నాను.

"ఈ ఏడు ఒక్కటి నోట్లో పెడితే ఒట్టు!"

డాక్టరమ్మ ముఖం వెలిగిపోయింది. "కిడ్నీల మీద చిన్న గ్రంథులుంటాయమ్మా. అవి పనిచెయ్యట్లేదని నా అనుమానం. ఒంట్లో ఉప్పు నిలవట్లేదు, అందుకే ఒళ్ళే అడిగి తింటోంది. అరుదుగా వచ్చే జబ్బు, కానీ మందుంది. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇవాళే ఆసుపత్రిలో చేర్చండి. ఉప్పు మాత్రం ఆపకండి."

అది ప్రాణం కోసం ఉప్పు వెతుక్కుంటుంటే నేను జాడీ దాచానే! ఇంటికొచ్చి, మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి స్టూలెక్కి జాడీ దించాను. విజయవాడ దాకా కార్లో ఆ జాడీ నా ఒళ్ళోనే ఉంది.

రక్తపరీక్షలో ఆవిడ అన్నదే తేలింది. సూదిమందు పడిన నాలుగో రోజుకి మీ చిన్న నానమ్మ తనంతట తనే లేచి, వార్డు చివరిదాకా నడిచి వెనక్కొచ్చింది. ఏడుస్తూ నవ్వానే నేను! అది మంచం మీద కూర్చుంటూ, "ఇంకేమన్నా చాడీలు మిగిలాయా అక్కా?" అంది.

మాత్రలు బతికినంతకాలం వేసుకోవాలిట. వేసుకుంటోంది. మొన్న ఆషాఢంలో మళ్ళీ వీడియోలో చూశారు. అది అయ్యేదాకా గోరింటాకు గిన్నె మూత తియ్యనివ్వలేదు నన్ను. అయ్యాక తనే తీసి, ముందు నా అరచేతుల్లో పెట్టింది.