పంచనామా ఎవడు రాస్తడు

ఏన్కూరులో మా మామయ్య ఇంట్లో హాంకాంగ్ పోలీసు సినిమాలు తెలుగులో ఉండేవి. డబ్బింగ్ చెప్పేది మామయ్యే.

ఖమ్మం బస్టాండు దగ్గర కొన్న ఆ సీడీల్లో మాటలు కాంటొనీసులో, కింద అక్షరాలు ఇంగ్లిషులో వచ్చేవి. రెండూ మామయ్యకు రావు. ఆయన అడవి అంచున ఉన్న స్టేషన్లో కానిస్టేబులు. సెలవు దొరికిన మధ్యాహ్నం టీవీ సౌండు తగ్గించి, మంచం మీద కూర్చుని, హీరోకూ విలనుకూ కమిషనరుకూ తనే గొంతిచ్చేవాడు. కమిషనరు హీరోను తిడుతుంటే, "ఇంకోపాలి మాట ఇనకుంటే భద్రాచలం కల్యాణం బందోబస్తుకేస్తా బిడ్డా, ఎండకు మాడి సస్తవ్" అనేవాడు. హీరో తల దించుకుంటే, "అవ్ సార్, తప్పయింది సార్, గంత పని చెయ్యకుండ్రి" అని సన్నగా పలికేవాడు. హాంకాంగ్ పోలీసులు కూడా శ్రీరామనవమికి మన దగ్గరికి డ్యూటీకి వస్తారని చాలా కాలం నమ్మాను. బళ్లో వాదించాను కూడా.

ఆ సినిమాలు ఎందుకు నచ్చేవో ఇంజనీరింగ్ చదివాక పాయింట్లుగా చెప్పగలిగాను. కెమెరా దూరంగా నిలబడుతుంది కాబట్టి తలుపెటు, మెట్లెటు, ఎవరెక్కడ అన్నది తెలుస్తుంది. కొట్టినవాడూ తిన్నవాడూ ఒకే షాటులో ఉంటారు. కుర్చీ, నిచ్చెన, సైకిలు, గదిలో ఏదుంటే అదే ఆయుధం. మన హీరో కొడితే జీపు గాల్లోకి లేస్తుంది. వాళ్ల హీరో కొడితే కొట్టిన చెయ్యే నొప్పెట్టి విదిలించుకుంటాడు.

లోపాలు మామయ్య చూపించినవే. ఆ సినిమాల్లో ఆడపిల్లకు కేకలు వెయ్యడం తప్ప పనుండదు. దొరికినవాణ్ణి స్టేషన్లో కొట్టడం నవ్వులాటగా ఉంటుంది. అలాంటి సీను వస్తే మామయ్య డబ్బింగ్ ఆపేసేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు. షాపింగ్ మాల్లో అద్దాలన్నీ పగిలి, వాటి మధ్యలోంచి హీరో లేచే చోట మాత్రం తన సొంత గొంతుతో అనేవాడు. "మంచిగనే పలగ్గొట్టినవ్ గని, పంచనామా ఎవడు రాస్తడు, మీ అయ్యనా?"

స్టేషన్లో చేతిరాత బాగున్నది ఆయనదే. అందుకే ఎక్కడ ఏం పగిలినా, ఎవరు పడినా, చూసింది చూసినట్టు కాగితం మీద పెట్టే ఆ పని ఆయనకే పడేది.

ఈ ఎండాకాలం మొదట్లో మామయ్యకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు కొంత కోలుకుంది. మాట రాలేదు. మనం అన్నది అర్థమవుతుంది, తను అనాల్సింది బయటికి రాదు. "మాట తిరిగి రావడం మొదటి నెలల్లోనే ఎక్కువ. నోటికి అలవాటైన పాటలు, మాటలు పలికిస్తూ ఉండండి" అన్నారు ఖమ్మం దవాఖానాలో డాక్టరు. ఆ నెలలు గడిచిపోతున్నాయి.

నేను పత్తి జిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్సు చూస్తాను. మిషను ఆగితే కారణాలన్నీ అనుకుని ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వెళ్తాను. మామయ్య నోటికి అలవాటైనవి ఏమిటని అలాగే ఆలోచించాను. పాటలు రావు, పద్యాలు రావు. మిగిలింది డబ్బింగే. చివరికి మొన్న ఆదివారం, మాల్లో అద్దాలు పగిలే ఆ పాత సినిమా ల్యాప్‌టాప్‌లో వేసుకుని వెళ్లాను.

అత్తమ్మ ఆయనను దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. "దవాఖానోళ్లు చెప్పిన ఎక్సర్‌సైజు చేపియ్యరాదు బిడ్డా, ఇప్పుడు సినిమా ఏంది?"

"గిదే ఎక్సర్‌సైజు అత్తమ్మా."

"గట్లనా. ఇగ కొట్టుకోండ్రి మామా అల్లుళ్లు" అని వంటింట్లోకి వెళ్లింది.

సౌండు తగ్గించాను. కమిషనరు వచ్చాడు. మామయ్య పెదవులు కదల్లేదు. నేనే అందుకుని, కింద ఇంగ్లిషులో ఉన్నది ఉన్నట్టు తెలుగులో చెప్పాను. "నీ బ్యాడ్జీ, తుపాకీ బల్ల మీద పెట్టి వెళ్లిపో." మామయ్య ఎడమ చెయ్యి అడ్డంగా ఊపాడు. తప్పేం చదివానా అని మళ్లీ చూశాను. సరిగ్గానే చదివాను.

"కల్యాణం బందోబస్తు అనాలెరా" అంది అత్తమ్మ లోపలినుంచి. "అన్నేండ్లు ఇని ఏం నేర్సినవ్?"

మాల్ సీను వచ్చింది. అద్దాలు పగిలాయి. మామయ్య ముందుకు వంగాడు.

"పం" అన్నాడు. "పం... పం..."

ఈలోగా హీరో పై అంతస్తు ఎక్కేశాడు. బొమ్మ ఆపి, "నిమ్మలంగా అను మామా, పంచ..." అన్నాను. ఆయన ల్యాప్‌టాప్ వైపు కోపంగా చెయ్యి విసిరాడు. ఆపింది నచ్చలేదు. వెనక్కి జరిపి వేశాను. అద్దాలు మళ్లీ పగిలాయి. మాట మళ్లీ అక్కడే ఆగింది. వేగం సగానికి తగ్గించాను. అద్దం ముక్కలు నీళ్లలో మునుగుతున్నట్టు దిగాయి. దెబ్బల్లో బరువు పోయింది, అంతా ఉత్తుత్తిదిలా ఉంది. మామయ్య ముఖం తిప్పుకున్నాడు.

ఆ సినిమాలు దెబ్బకూ దెబ్బకూ మధ్య మాటకు చోటివ్వవు. ఆ ఇరుకులో అంత పొడుగు వాక్యం ఆయన ఎలా పట్టించేవాడో నేనెప్పుడూ గమనించలేదు.

మామూలు వేగంతో వదిలేశాను. చివర పేర్లు పడేటప్పుడు షూటింగులో గురి తప్పిన ఫీట్లు చూపిస్తారు. హీరో పడి, లేవడు. జనం పరుగెత్తుకొచ్చి స్ట్రెచరు మీద ఎత్తుకెళ్తారు. "ఇగో, గిదొక్కటే నిజం పంచనామా" అని మామయ్య ఇక్కడ నవ్వేవాడు. ఇప్పుడు కదలకుండా చూశాడు. అయిపోయాక ఎడమ చేత్తో నా మోచెయ్యి తట్టాడు.

"మళ్ల ఎయ్యాల్నా మామా? మొదటిసందా, అద్దాల కాడికెల్లా?"

"పం" అన్నాడు.

అద్దాల దగ్గరికి జరిపాను. ఏ వేగంతో వెయ్యాలో తెలియలేదు.