ప్రార్థన చేసిన చీర

మొన్న ఏలూరులో మా తమ్ముడి మనవరాలు పెళ్ళి గౌను తొడిగి చూసుకుంటానంటే తోడు వెళ్ళాను. వెనక నేలమీద బారెడు పాకే తోక, భుజాల మీద ముత్యాలు, లోపల ఊపిరాడని బిగుతు. అద్దెకేనట, పెళ్ళయిన మర్నాడు తిరిగి ఇచ్చెయ్యాలట. ఒక్కపూట ముచ్చటకి కొనడమెందుకని దాని వాదన. న్యాయమే. కానీ మా క్రైస్తవ కుటుంబాల్లో పెళ్ళిచీరకి రెండుపూటల పని ఉండేది. పెళ్ళినాడు కట్టేవారు, మళ్ళీ సమాధికి తీసుకెళ్ళేనాడు కట్టేవారు.

మా నాయనమ్మ కాలంలో తెల్లని నేతచీర, దానికి తోడు మిషను దొరసాని ఇచ్చిన లేసు ముసుగు. ఆ ముసుగొక్కటే ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరి తలల మీదా తిరిగేది, మా అమ్మ వంతు వచ్చేసరికి చిల్లులే ఎక్కువ మిగిలాయట. పక్కింటి రైతుల ఆడవాళ్ళకి అంత తెల్లదనం మనసొప్పక, తమ మధుపర్కాల్లాగా కొంగు చివర కాస్త పసుపు అద్దిపోయేవారు. చర్చి అయ్యగారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. మా మేనత్త పెళ్ళినాటికి సన్నజరీ అంచు తెల్లపట్టు వచ్చింది.

అత్తని మండవల్లి ఇచ్చారు. పెళ్ళయిన ఏడాదికే, కూతురు కడుపులో ఉండగా, మావయ్య కొల్లేట్లో పడవ తిరగబడి పోయారు. ఏటా ఎండాకాలం అత్త ఆ చీర తీసి నీడన ఆరేసి, మడతలు మార్చి, వేపాకు వేసి మళ్ళీ పెట్టెలో పెట్టేది. ఆ చీరలోనే ఆయన దగ్గరికి వెళ్తానని, లేకపోతే ఆయన గుర్తుపట్టరని అనేది. మేం నవ్వేవాళ్ళం. ఆవిడ నవ్వేది కాదు.

ఆ కూతురికి తాడేపల్లిగూడెం సంబంధం కుదిరింది. చర్చిలో పెళ్ళి ప్రకటనలు చదివేశారు, మగపెళ్ళివారి చీరా వచ్చింది. పెళ్ళి ఇంకా వారం ఉందనగా పిల్ల పచ్చకామెర్లతో పోయింది. ఆడవాళ్ళు ఏడుస్తూ ఆ కొత్తచీర కట్టబోయారు. మా పద్ధతిలో పెళ్ళిరోజున అయ్యగారు చీర మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తేనే అది పెళ్ళికూతురిది, అంతవరకూ మగపెళ్ళివారిదే. సంఘ పెద్దలు ఆ మాటే అన్నారు. పెళ్ళి కాని పిల్లకి మామూలు బట్టలు చాలన్నారు. అత్తగారు కావలసిన ఆవిడ కళ్ళు తుడుచుకుంటూనే చీర అందుకుని సంచిలో పెట్టుకుంది. ఆవిణ్ణి నేనిప్పటికీ క్షమించలేదు.

అత్త లేచింది. లోపలికి వెళ్ళి, పెట్టె తెరిచి, తన చీర తెచ్చింది.

"ఇది ప్రార్థన చేసిన చీరేనండి, అయ్యగారూ."

ఆయన తల దించుకున్నారు. ఆడవాళ్ళు ఆ చీర కట్టారు.

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక ఉండబట్టలేక, మరి నీకెలాగత్తా అని అడిగాను. కాళ్ళు కడుక్కుంటున్నదల్లా చెంబు కింద పెట్టింది.

"నా మొహం ఆయనకి తెలుసు కదమ్మా. ఈ పిల్లని ఆయన చూడనేలేదు. చీరనన్నా గుర్తుపడతారు."

ఆ తర్వాత అత్త చాలాకాలం బతికింది. తల ముగ్గుబుట్టయి, పళ్ళూడి, నడుం వంగి, రోజూ కట్టుకునే నీలం నూలుచీరలోనే వెళ్ళిపోయింది. కాలం మావయ్యని పడుచువాడిగానే ఉంచేసి, ఆవిణ్ణొక్కదాన్నే ముసలిదాన్ని చేసింది. ఎదురొచ్చిన ఆ ముసలావిడ ఎవరా అని ఆయన తడబడి ఉంటే, అమ్మే నాన్నా అని ఆ పిల్లే చెప్పి ఉండాలి.