గొంతుదాకా వచ్చిన నీళ్లు

వాడపల్లి రేవులో పుట్టిపడవలు నడిపేవాళ్ల ఇంటి అవ్వ పేరు నేను అడగనేలేదు. వరద మాటెత్తితే చాలు, ఆమె కుడిచెయ్యి గొంతు మీదికి పోయేది. అది మాత్రం మరిచిపోలేదు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, మూసీ కృష్ణలో కలిసేచోట పాత వరదలు ఎంతెత్తు వచ్చాయో రాసుకురమ్మని మిర్యాలగూడ ఆఫీసు నుంచి నన్ను పంపారు. కాగితాల్లో లేనిది ముసలివాళ్లనే అడగాలి. అవ్వ తన పాత ఇల్లు కూలిన చోట నిలబడి గొంతు తాకి చూపింది.

"గిక్కడిదాక వచ్చినయ్ బిడ్డా."

టేపు పెట్టి కొలిచాను. నాలుగడుగుల పైచిలుకు అని రాసుకున్నాను.

"అప్పుడు నీకెన్నేండ్లు అవ్వా?"

"ఆరో, ఏడో."

నాకు చిరాకు వేసింది. ఈ ముసలివాళ్ల లెక్కలింతే అనుకుంటూ అంకె కొట్టేశాను.

"అప్పుడు నీ గొంతు ఇంతెత్తున లేదు కదా" అన్నాను.

"నా గొంతు కాదు. మా అమ్మది. నన్ను నెత్తి మీద కూసోవెట్టుకున్నది. ఇప్పుడు నేను గామె అంతనే ఉన్న."

ఉద్యోగం కదా, అడగక తప్పలేదు. "తర్వాత ఇంకెంత ఎక్కినయ్?"

"ఎక్కినయ్. మా మేనమామ పుట్టిల వచ్చి నన్ను గుంజుకున్నడు. మళ్ల తిరిగి సూసేవరకు ఆమె లేదు. నాకు గంతవరకే ఎరుక."

కొట్టేసిన అంకెను మళ్లీ రాశాను. టేపు చుట్టి సంచిలో పెట్టుకుని నేను బయల్దేరేదాకా ఆమె చెయ్యి గొంతు మీది నుంచి దిగలేదు.